మూడు వారాల సెలవులో హైదరాబాద్: అందరినీ కలిసి, ఒళ్ళు పాడుచేసుకోకుండా తిరుగు విమానం ఎక్కడం ఎలా?

"ఇరవై ఒక్క రోజులు వస్తున్నాం. చుట్టాల ఇళ్ళు నలభై ఉన్నాయి. ఎలా?" విదేశాల్లో ఉంటున్న మనవాళ్ళ నుంచి డిసెంబరు ముందు, మళ్ళీ జూన్ ముందు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. దీని వెనకే బంగారం ఎంత తేవచ్చు, ఫోన్‌పే ఎలా పనిచేస్తుంది, ఆవకాయ కారకుండా ఎలా కట్టాలి అన్నవి వరసగా వస్తాయి. అన్నిటికీ కలిపి ఒకేచోట చెప్పేద్దాం.

ముందు నలభై ఇళ్ళ లెక్క తేల్చాలి. నలభై ఇళ్ళకు మీరు వెళ్ళలేరు. ఇరవై ఒక్క రోజుల్లో రానుపోను ప్రయాణం, నిద్ర తేడా, బ్యాంకు, పళ్ళ డాక్టరు, తిరుపతి పోగా చేతిలో మిగిలేవి పది పన్నెండు పగళ్ళు. పిల్లలతో రోజుకు రెండిళ్ళు తిరిగితే గొప్ప. అంటే ఇరవై, మహా అయితే ఇరవై నాలుగు. మిగిలిన వాళ్ళు మీ ఇంటికి రావాలి, లేదా అందరూ ఒకచోట కలవాలి. ఈ లెక్కకు ఒప్పుకోలేకపోతే కింద రాసినవేవీ పనికిరావు.

బయల్దేరే ముందు చేతిలో ఉండాల్సినవి

- పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు (విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ మూలాలవారికి ఇచ్చేవి), వాటి ఫొటోలు ఫోనులో
- పనిచేస్తున్న ఇండియా ఫోను నంబరు ఒక్కటైనా
- చుట్టాల జాబితా, పేటల వారీగా రాసింది
- స్ప్రింగు త్రాసు లేదా చిన్న డిజిటల్ లగేజీ త్రాసు
- కొలతకు ఆది జాకెట్టు, సరిగ్గా పట్టే ఒక చొక్కా
- వాడుతున్న మందులు మూడు వారాలకు, పైన ఇంకో వారానికి, చీటీతో సహా
- సగం ఖాళీగా ఉన్న ఒక పెట్టె

చివరిది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. వచ్చేటప్పుడు అన్నీ నింపుకొస్తారు. ఇక్కడ పెట్టిన చీరలు, పచ్చళ్ళు, పిండివంటలు పెట్టుకోవడానికి ఆఖరి రోజు కొత్త సూట్‌కేసు కోసం కోఠికి పరుగెత్తుతారు.

1. తేదీలు: టికెట్టు కొనక ముందే పంచాంగం చూడండి

ఇంట్లో పుట్టువెంట్రుకలో, గృహప్రవేశమో పెట్టుకోవాలనుకుంటే టికెట్టు తర్వాత ముహూర్తం వెతకడం తలకిందుల పని. ఆషాఢం, పుష్యం, మూఢం ఉన్న రోజులు శుభకార్యాలకు పనికిరావని పెద్దవాళ్ళు ఒప్పుకోరు. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, ముహూర్తాలుండవు, అంటే అక్కడ బడి సెలవులు మొదలయ్యే సమయానికి సరిగ్గా అడ్డం. పురోహితుడికి ఒక ఫోను చేసి ఖాయం చేసుకున్నాకే విమానం టికెట్టు.

సంక్రాంతికి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆ నాలుగు రోజులు నగరం ఖాళీ. మీరు కలవాలనుకున్నవాళ్ళలో సగం మంది ఊళ్ళకు పోతారు. విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు ఎలా ఉంటాయో టీవీలో చూసే ఉంటారు. చుట్టాల ఊరు కోస్తాలో ఉంటే పండక్కి రండి, హైదరాబాదులోనే ఉంటే పండగ తర్వాత రండి. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల దారులు మూసేస్తారు, ఆ రోజు ఏ ఇంటికీ మాట ఇవ్వకండి. బోనాల ఆదివారాల్లో గోల్కొండ, సికింద్రాబాద్, పాతబస్తీ వైపు వెళ్ళడం కూడా అంతే. బోనాలు చూడ్డానికే వస్తే వేరే మాట.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో వదులుతారు, గంటల్లో అయిపోతాయి. "వచ్చాక చూద్దాంలే" అన్నది ఇక్కడ పనిచేయదు. దొరక్కపోతే యాదగిరిగుట్ట ఉంది. నగరం నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు.

2. కాగితాలు

పిల్లలకు ఓసీఐ లేకపోతే వీసా కావాలి. అక్కడ పుట్టిన చంటివాడికి మాత్రం ఏమీ అక్కర్లేదనుకుని విమానాశ్రయం దాకా వచ్చి ఆగిపోయేవాళ్ళున్నారు. ఈ-వీసా ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటనల సైట్లు రెట్టింపు డబ్బు గుంజుతాయి.

ఇరవై ఏళ్ళ లోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ మూడు నెలల్లోగా దాన్ని, కొత్త ఫొటోను ఓసీఐ సైటులో ఎక్కించాలి. ఇరవై దాటాక తీసుకున్న మొదటి పాస్‌పోర్టుకు ఓసీఐ కార్డునే మళ్ళీ చేయించాలి.

3. ఫోను, డబ్బు

ఇక్కడ కూరగాయల బండి దగ్గర కూడా స్కానరే. ఓటీపీ రాని ఫోనుతో క్యాబు యాప్ కూడా తెరుచుకోదు. కాబట్టి:

మీ పాత నంబరు బతికుందో లేదో నెల ముందే చూడండి. ఏ వాడకమూ లేకుండా 90 రోజులు దాటితే నంబరు పోయే ప్రమాదం ఉంది, తర్వాత అది ఇంకొకరికి వెళ్తుంది. బ్యాంకుకు ఆ నంబరే ఇచ్చి ఉంటే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. తమ్ముడికో, నాన్నగారికో చెప్పి ముందే రీచార్జి చేయించండి.

ఎన్ఆర్ఈ, ఎన్ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులకు ఇండియా బ్యాంకుల్లో ఉండేది) ఉంటే అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, హాంకాంగ్ నంబర్లతోనే యూపీఐ పెట్టుకునే వీలు 2023లో వచ్చింది. మీ బ్యాంకు, మీరు వాడే యాప్ రెండూ అందులో ఉండాలి. ఎలా సరిచూసుకోవాలంటే, బయల్దేరే ముందే అన్నయ్యకు ఒక్క రూపాయి పంపండి. వెళ్తే పనిచేసినట్టే. విమానాశ్రయంలో మొదటిసారి ప్రయత్నించకండి.

పోయినసారి మిగిలిన నోట్లు పర్సులో ఉంటే తీసి చూడండి. 2016 నవంబరుకు ముందువైన పాత 500, 1000 నోట్లు చిత్తుకాగితాలు. 2000 నోట్లను 2023 మేలో వెనక్కి తీసుకున్నారు, చెల్లవని కాదు గానీ దుకాణంలో తీసుకోరు. సైఫాబాదులోని రిజర్వు బ్యాంకు కార్యాలయంలో మార్చుకోవాలి. వంద, రెండొందల నోట్లు ఓ యాభై దగ్గర పెట్టుకోండి: వాచ్‌మన్‌కు, పనమ్మాయికి, గుడిలో పళ్ళెంలోకి, చిన్నపిల్లల చేతిలో పెట్టడానికి. పనమ్మాయికి ఇచ్చేది వచ్చిన వారంలోనే ఇవ్వండి. మీవల్ల ఆమెకు అంట్లు రెట్టింపయ్యాయి.

4. తెచ్చే సామాను

భారతీయ మూలాలున్న ప్రయాణికుడికి సుంకం లేని పరిమితి 2026 ఫిబ్రవరి నుంచి 75,000 రూపాయలు. ఇది కాక పద్దెనిమిదేళ్ళు దాటినవారికి ఒక ల్యాప్‌టాప్. మద్యం రెండు లీటర్లు, సిగరెట్లు వంద. ఏడాదికి పైగా బయట ఉన్నవారికి బంగారు నగలు ఆడవాళ్ళకు 40 గ్రాములు, మగవాళ్ళకు 20 గ్రాములు. నగలు మాత్రమే, బిస్కెట్లు, నాణేలు ఈ లెక్కలోకి రావు. ఒంటి మీద వేసుకొస్తే లెక్కకు రాదనుకోవడం తప్పు. మెళ్ళో ఆరు పేటల గొలుసు వేసుకుని, సుంకం కట్టాల్సిందేమీ లేనివాళ్ళు వెళ్ళే ఆకుపచ్చ దారిలో నడిస్తే ఆపి అడుగుతారు. ఎక్కువ ఉంటే ఎర్ర దారిలో వెళ్ళి చెప్పేయడమే చవక.

ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన నగలతో తిరిగి వస్తుంటే పాత బిల్లులు, వాటి ఫొటోలు వెంట ఉంచుకోండి. వెళ్ళేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి పత్రం తీసుకుంటే ఇంకా మంచిది.

విదేశీ నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లు, చెక్కులు అన్నీ కలిపి 10,000 దాటినా ప్రకటన ఫారం నింపాలి. వేపులు, ఈ-సిగరెట్లు ఇక్కడ 2019 నుంచే నిషేధం. ఎవరో స్నేహితుడు తెమ్మన్నాడని జేబులో వేసుకోకండి. డ్రోను, శాటిలైట్ ఫోను కూడా వద్దు.

బహుమతుల్లో జరిగే పొరపాటు అందరికీ ఒకటే చాక్లెట్ డబ్బా. పెద్దవాళ్ళలో చక్కెర జబ్బు లేని ఇల్లు తక్కువ, మే నెలలో అయితే శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఇంటికి చేరేలోపే ముద్దవుతాయి. బాదం, పిస్తా, మంచి టార్చి లైటు, మందుల డబ్బా, మోకాలి పట్టీలు లాంటివి పెద్దవాళ్ళు నిజంగా వాడతారు. కరెంటు వస్తువు కొనేటప్పుడు అడుగున ఉన్న అక్షరాలు చదవండి: "100–240" ఉండాలి. ఇక్కడ 230 వోల్టులు. అమెరికాలో 120 వోల్టులకు చేసిన హెయిర్ డ్రయ్యర్ ఇక్కడ ప్లగ్గులో పెడితే క్షణాల్లో పొగ. ప్లగ్గు మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు.

పేరు రాసిన కవరులో ఏ ఇంటిది ఆ ఇంటికి కట్టి తెండి. అందరి ముందు సూట్‌కేసు తెరిచి పంచితే పెద్ద వదినకు వచ్చింది చిన్న వదినకు రాలేదన్న లెక్క అక్కడికక్కడే మొదలవుతుంది.

5. దిగిన రాత్రి

నలుగురు మనుషులు, మనిషికి రెండేసి పెట్టెలు: ఎనిమిది. పైన చేతి సంచులు. అవన్నీ మీరు నలుగురూ, ఆహ్వానించడానికి వచ్చిన నలుగురితో కలిపి ఒక ఇన్నోవాలో పట్టవు. సామానుకు ఒక బండి, మనుషులకు ఒకటి అని ముందే చెప్పండి. రాత్రి మూడు గంటలకు డెబ్బై ఏళ్ళ నాన్నగారిని విమానాశ్రయానికి రానివ్వకండి. "మీరు ఇంట్లోనే ఉండండి, గేటు దగ్గర చూస్తాం" అని గట్టిగా చెప్పాలి, మెత్తగా చెబితే వచ్చేస్తారు.

మెట్రో విమానాశ్రయం దాకా లేదు. క్యాబులు, పుష్పక్ బస్సులు ఉన్నాయి. ఒక్క పెట్టెతో వచ్చిన కుర్రాడికి పుష్పక్ బాగా పనికొస్తుంది.

6. మొదటి రెండు రోజులు ఎవరింటికీ వద్దు

ఈ రెండు రోజులు పని రోజులు. నిద్ర ఎలాగూ తెల్లవారుజామున మూడింటికే విడుతుంది.

టైలరు: బ్లౌజు గుడ్డలు, ఆది జాకెట్టు రెండో రోజు సాయంత్రానికల్లా ఇచ్చేయండి. ముహూర్తాల కాలమైతే వారం అని పది రోజులు చేస్తారు. "ఫంక్షన్ ఇరవయ్యో తేదీ" అయితే "పదిహేనుకి కావాలి" అని చెప్పండి, పద్దెనిమిదికి వస్తుంది. తెచ్చుకున్న వెంటనే వేసుకుని చేతులు పైకెత్తి చూడండి. చంకల దగ్గర పట్టేస్తే సరిచేయడానికి ఇంకా రెండు రోజులుంటాయి. చీరకు ఫాల్, పీకో అక్కడే ఇచ్చేయవచ్చు.

పళ్ళ డాక్టరు: రూట్ కెనాల్ చేసి కిరీటం తొడగాలంటే కనీసం రెండు మూడు సార్లు వెళ్ళాలి, మధ్యలో వారం పట్టవచ్చు. మూడో వారంలో మొదలుపెట్టినవాళ్ళు తాత్కాలిక తొడుగుతోనే విమానం ఎక్కుతారు, అక్కడ మళ్ళీ చేతి చమురు. కళ్ళజోడు కూడా మొదటి వారమే.

బ్యాంకు, ఆస్తి పనులు: కేవైసీ, సంతకం మార్పు, ఇంటి పన్ను, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం) తీయించడం లాంటివి ఉంటే మొదటి వారంలో రెండు పని దినాలు వాటికే రాసి పెట్టండి. ఏ కార్యాలయమైనా మొదటిసారి వెళ్తే ఒక కాగితం తక్కువంటుంది. ఆ కాగితంతో రెండోసారి వెళ్ళడానికి రోజులు మిగలాలి.

7. చుట్టాల జాబితా

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

మొదట పేర్లన్నీ రాయండి. ఎవరు ఏమవుతారో కాదు, ఎక్కడుంటారో పక్కన రాయండి. తర్వాత పేటల ప్రకారం కట్టలు కట్టండి. ఉప్పల్, నాగోలు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం ఒక కట్ట. సికింద్రాబాద్, మల్కాజిగిరి, అల్వాల్, కొంపల్లి ఒకటి. కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్, గచ్చిబౌలి ఒకటి. నల్లకుంట, హిమాయత్‌నగర్, అమీర్‌పేట, మెహిదీపట్నం నడిమి కట్ట. ఒక రోజు ఒక కట్టే. పెద్దమ్మ వనస్థలిపురం, మేనమామ మియాపూర్ అయితే ఇద్దరినీ ఒకే రోజు పెట్టుకోవడం ఆత్మీయత కాదు, రోడ్డు మీద కాపురం.

సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా నగరం అడ్డంగా దాటకండి. తప్పదంటే కారు వదిలి మెట్రో ఎక్కండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎర్ర లైను 29 కిలోమీటర్లు, గంటలోపే. అదే వర్షం పడ్డ సాయంత్రం కారులో రెండు గంటలైనా పట్టవచ్చు.

రోజంతా తిరగాలంటే 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ మీద కారు మాట్లాడుకోండి. టోలు, పార్కింగు, రాత్రి దాటితే డ్రైవరు బత్తా ఇందులో కలిశాయో లేదో ముందే అడగండి. గంటల లెక్క ఎక్కడ మొదలవుతుందో కూడా అడగాలి: మీ గుమ్మం దగ్గరా, వాళ్ళ గ్యారేజీ దగ్గరా? గొడవలన్నీ ఇక్కడే వస్తాయి.

తర్వాత ఎవరి ఇంట్లో భోజనం, ఎవరి ఇంట్లో టీ అన్నది తేల్చండి. "ఊరికే చూసి వెళ్తాం పిన్నీ" అని చెప్పి వెళ్తే ఏమవుతుందో తెలుసుగా. గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి గారెల వాసన, బల్ల మీద పులిహోర, కోడికూర, వంకాయ మెంతికారం, పైన సేమ్యా పాయసం. మీరేమో అప్పుడే పెద్దమ్మ ఇంట్లో పీకలదాకా తిని వచ్చి ఉంటారు. తినకపోతే పిన్ని ముఖం చిన్నబుచ్చుకుంటుంది, తింటే మీ పని అయిపోతుంది. అందుకే ముందు రోజు ఇలా ఫోను చేయండి:

"పిన్నీ, రేపు మధ్యాహ్నం పెద్దమ్మ వాళ్ళింట్లో భోంచేసి, నాలుగింటికి మీ ఇంటికొస్తాం. టీ ఒక్కటే పెట్టు. పిల్లలకు మాత్రం కాస్త పెరుగన్నం ఉంచు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. ఏదో ఒకటి అడిగితేనే మిగతావి చేయకుండా ఆగుతుంది. ఏమీ వద్దంటే అన్నీ చేస్తుంది.

ఒక్కో ఇంటికి గంటన్నర అనుకుంటే, దానికి ఇంకో అరగంట కలపండి. లేస్తామన్న తర్వాతే అసలు కార్యక్రమం: బొట్టు పెట్టాలి, చీర జాకెట్టుగుడ్డ పెట్టాలి, పిల్లల చేతిలో డబ్బులు పెట్టాలి, మామిడికాయలు సంచిలో వేయాలి, లిఫ్టు దగ్గర ఇంకో పది నిమిషాలు. ఇదంతా లేకుండా వెళ్ళడం కుదరదు, లెక్కలో వేసుకోవడమే. కారులో కూర్చోగానే ఎవరు ఏం పెట్టారో ఫోనులో రాసుకోండి. రేపు వాళ్ళ పిల్లల పెళ్ళికి అదే లెక్క అక్కరకొస్తుంది.

ఇక ఎక్కువమంది చేసే పొరపాటు: వాట్సాప్ స్టేటస్. బాబాయి ఇంట్లో దిగిన ఫొటో రాత్రి పెడితే పొద్దున్నకల్లా మేనత్త చూస్తుంది. "బాబాయి ఇంటికి వెళ్ళడానికి తీరిక దొరికింది, మా ఇంటికి దొరకలేదా?" అన్న మాట అమ్మకు వస్తుంది, మీకు కాదు. మీరు వెళ్ళిపోయాక ఏడాదంతా ఆ మాట పడేది అమ్మే. అన్ని ఇళ్ళూ అయ్యేదాకా ఫొటోలు ఫోనులోనే ఉంచండి. పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి: నాన్నవైపు పెద్దవారు, అమ్మవైపు పెద్దవారు, ఆ తర్వాతే స్నేహితులు. స్నేహితులను ఒక్కొక్కరి ఇంట్లో కాకుండా ఒక సాయంత్రం హోటల్లో అందరినీ కలవడం మేలు. వాళ్ళూ మీలాగే తీరిక లేనివాళ్ళు, ఏమీ అనుకోరు.

పిల్లలకు పదిహేను ముఖాల ఆల్బమ్ ఒకటి చేసి ప్రయాణానికి ముందే చూపించండి: ఫొటో, పేరు, ఏమని పిలవాలి. అత్తయ్యను ఆంటీ అనడం పెద్ద తప్పేం కాదు గానీ, "అత్తమ్మా" అని పిలిస్తే ఆ ఇంట్లో పిల్లవాడికి ఇక తిరుగుండదు.

8. పలకరింపు ఇళ్ళు విడిగా

మీరు లేనప్పుడు ఎవరైనా పోయిన ఇల్లు ఉంటే అది జాబితాలో మొదట ఉండాలి. ఇరవై రోజులు తిరిగి చివర్లో వెళ్తే బాగుండదు. ఆ రోజు ఇంకో ఇంటికి పెట్టుకోకండి, పలకరింపుకు వెళ్ళి నేరుగా ఇంకొకరి శుభకార్యానికి వెళ్ళడం చాలా ఇళ్ళలో ఒప్పుకోరు. చాలామంది మంగళ, శుక్రవారాలు కూడా వద్దంటారు, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. స్వీట్లు, బహుమతులు పట్టుకెళ్ళవద్దు. వాళ్ళకు తెచ్చిన కవరు ఉంటే ఇంకో రోజు ఇవ్వవచ్చు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు. మాట్లాడకుండా లేచి రావడమే పద్ధతి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు, కొత్తగా వచ్చిన కోడలికి ఈ ఒక్క సంగతి కారు దిగేముందే చెప్పాలి.

9. మిగిలినవాళ్ళందరికీ ఒక మధ్యాహ్నం

రెండో వారం ఆదివారం పెట్టుకోండి. మొదటి వారం నిద్ర తేడా, మూడో వారం పెట్టెల హడావిడి. అమ్మావాళ్ళ అపార్టుమెంటులో హాలు ఉంటే అసోసియేషన్ వాళ్ళతో నెల ముందే చెప్పి ఉంచాలి. ఆ రోజు పెద్ద ముహూర్తం ఉంటే హాలూ దొరకదు, వంటవాళ్ళూ దొరకరు, వచ్చేవాళ్ళూ రెండు పెళ్ళిళ్ళు చూసుకుని మూడింటికి వస్తారు.

వంటవాళ్ళతో ప్లేటు లెక్క మాట్లాడుకుంటే మూడు అడగండి: ఎన్ని ప్లేట్లు దాటితే అదనపు డబ్బు, నీళ్ళ సీసాలు, వడ్డించేవాళ్ళు ఇందులో కలిశారా, మిగిలినది మనకు ఇస్తారా. కూరలు పదహారు రకాలు పెట్టడం కంటే పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, పచ్చడి, బిర్యానీ, పెరుగు, ఒక స్వీటు బాగా చేయించండి. మధ్యాహ్నం పన్నెండింటికి రమ్మంటే ఒంటిగంటకు వస్తారు, ఆ లెక్కన చెప్పండి.

ఆ రోజు మీరు వంటింట్లో, గుమ్మంలో తిరగకండి. ఒకచోట కూర్చోండి. మిమ్మల్ని చూడ్డానికి వచ్చారు.

10. ఒంట్లో బాగుండాలంటే

టైఫాయిడ్ సూది కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి, కాబట్టి అక్కడి డాక్టరును నెల, నెలన్నర ముందే కలవండి. ఇక్కడికొచ్చాక కాచిన నీళ్ళు లేదా మూత సీలున్న సీసా నీళ్ళు. మొదటి మూడు రోజులు రోడ్డు పక్క పానీపూరీ, చెరుకురసం, కోసి పెట్టిన పళ్ళు వద్దు. పొగలు కక్కే ఇడ్లీ, దోశ, ఇరానీ చాయ్‌తో భయం లేదు. మరిగిన దాంట్లో క్రిములు బతకవు, జబ్బు తెచ్చేది పక్కన పెట్టిన నీళ్ళ చట్నీ.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసులో కొంచెం, మళ్ళీ కొంచెం అని కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. డబ్బాలో తియ్యగా ఉండే పానీయం ఓఆర్ఎస్ కాదు, ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని చూసి తీసుకోండి. పిల్లవాడికి మూత్రం తగ్గినా, జ్వరం రెండో రోజూ తగ్గకపోయినా ఆస్పత్రికి వెళ్ళండి. వానాకాలంలో డెంగీ ఉంటుంది, డాక్టరు చూడకముందే నొప్పి మాత్రలు మింగవద్దు.

11. తిరుగు పెట్టెలు: పచ్చడి కట్టడం

ముందు ఏవి కుదరవో చూద్దాం. ఎండు కొబ్బరి చిప్పలు, కర్పూరం, అగ్గిపెట్టెలు విమానంలో ఏ పెట్టెలోనూ వద్దు, మంట పట్టేవి. పూజ సామాను సంచి అమ్మ కట్టిస్తే విప్పి చూడండి. అమెరికాకు వెళ్ళేవాళ్ళు చికెన్, మటన్ పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు, బియ్యం, శనగలు తీసుకెళ్ళకూడదు. బ్రిటన్‌కు మాంసంతో పాటు పాలతో చేసిన స్వీట్లు కూడా కుదరవు. ఆస్ట్రేలియాలో తిండి ఏదున్నా కాగితం మీద రాసి చెప్పాల్సిందే, దాస్తే జరిమానా. కరివేపాకు కారప్పొడి, కందిపొడి, పూతరేకులు, కూరగాయల పచ్చళ్ళతో అమెరికా వాళ్ళకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా కస్టమ్స్ దగ్గర "తిండి ఉంది" అనే చెప్పండి. పొడులు, పచ్చళ్ళు, నెయ్యి అన్నీ పెద్ద పెట్టెలో. చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసేస్తారు.

పచ్చళ్ళ దుకాణంలో కొంటే "అమెరికా ప్యాకింగ్" అనండి చాలు, వాళ్ళకు అర్థమవుతుంది. ఇంట్లో పెట్టిన ఆవకాయ అయితే ఇలా:

మొదట, కొత్త ఆవకాయ కట్టకండి. పెట్టిన మూడో రోజు తిరగ కలిపి, ఇంకో వారం పదిరోజులు ఊరనివ్వాలి. ముక్క ఊరుతున్నప్పుడు గాలి పుడుతుంది, అప్పుడే మూసి కడితే సంచి ఉబ్బి పగులుతుంది.

రెండు, పైకి తేలిన నూనె ఒంపేయండి, ముక్క తడిసేంత ఉంటే చాలు. కారేది నూనే. అక్కడికి వెళ్ళాక నువ్వులనూనె కాచి చల్లార్చి పోసుకోవచ్చు.

మూడు, మందమైన సంచిలో అరకిలో మించకుండా వేసి, నోటి దగ్గర రెండు వేళ్ళ వెడల్పు నూనె లేకుండా పొడిగుడ్డతో తుడిచి సీలు వేయండి. అతుకు ఊడేది నూనె అంటిన చోటే. దాన్ని ఇంకో సంచిలో తలకిందులుగా పెట్టి మళ్ళీ సీలు. ఆ పైన గాలి తీసేసిన జిప్ సంచి. గాజు సీసా, ఊరికే మూత తిప్పిన ప్లాస్టిక్ డబ్బా పనికిరావు.

నాలుగు, పరీక్ష. పాత పేపరు మీద పరచి, పైన నాలుగైదు కిలోల బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేపరు మీద నూనె మరక కనిపిస్తే ఆ సంచి మళ్ళీ కట్టాలి. ఈ పరీక్ష చేయని ఆవకాయే పట్టుచీర మీద కారేది. మరక లేని వాటిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పెట్టె మధ్యలో, పాత బట్టల నడుమ ఉంచండి. ఒక్కోదాని మీద ఏమిటో ఇంగ్లీషులో చీటీ.

పెట్టె 23 కిలోలు అయితే ఇంట్లో 22 దగ్గర ఆపండి, త్రాసులు ఒకదానికొకటి కలవవు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే. 20,000 ఎంఏహెచ్ దాకా సమస్య లేదు.

12. తిరుగు విమానం తేదీ

హైదరాబాద్ నుంచి బయటి దేశాలకు విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. టికెట్టు మీద "15వ తేదీ 01:30" అని ఉంటే మీరు ఇంట్లోంచి బయల్దేరాల్సింది 14వ తేదీ రాత్రి తొమ్మిదింటికి. 15 రాత్రి తీరిగ్గా వచ్చి "విమానం నిన్న వెళ్ళిపోయింది" అని వినేవాళ్ళు ప్రతి సీజన్లోనూ ఉంటారు. ఫ్రిజ్ మీద కాగితం అంటించండి: "14 రాత్రి 9, ఇల్లు". క్యాబు కూడా ఆ తేదీకే మాట్లాడండి. ఆ రోజు ఎవరికీ మాట ఇవ్వకండి, రావాలనుకున్నవాళ్ళు వాళ్ళే వస్తారు, చేతిలో ఇంకో పచ్చడి సీసాతో.

ఇల్లు వదిలే ముందు: ఇండియా సిమ్ నాన్నగారి పాత ఫోనులో వేసి ఇచ్చారా, రీచార్జి తేదీ ఆయన క్యాలెండరులో రాశారా, ఫ్రిజ్‌లో పెట్టిన మందులు తీసుకున్నారా, టైలరు దగ్గరున్న ఆది జాకెట్టు వెనక్కి వచ్చిందా?